హైదరాబాద్‌లో పోస్టు సర్వే: ఏ దారి పట్టాలి, డబ్బు దేని మీద పెట్టాలి

సర్వే మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువగా "ఎంతమందికి పంపాలి?" అన్న లెక్కతో వస్తారు. వెయ్యి కవర్లా, రెండు వేలా? నేను మాత్రం ముందు ఇంకో సంగతి అడుగుతాను: మీ దగ్గర ఉన్నది పేర్ల జాబితానా, ఇళ్ళ జాబితానా?

పేర్ల జాబితా అంటే పెన్షనర్ల సంఘం సభ్యులు, కాలేజీ పూర్వ విద్యార్థులు, పత్రిక చందాదారులు, ఆసుపత్రిలో చూపించుకుని వెళ్ళిన పేషెంట్లు. వీళ్ళకి మీరెవరో తెలుసు. కవర్ మీద తమ పేరుంటుంది, లోపల విషయం తమకు సంబంధించిందే. ఇలాంటివాళ్ళకు హైదరాబాద్‌లో ఇప్పటికీ పోస్టు పనిచేస్తుంది. ఇళ్ళ జాబితా అయితే, అంటే ఫలానా డివిజన్లో ఫలానా వీధుల ఇళ్ళు అనుకుంటే, పోస్టు జోలికి పోవద్దనే నా సలహా.

కారణం మన అడ్రసులే. 8-2-293 తర్వాత ఒక గీత, దాని తర్వాత 82, మళ్ళీ గీత, ఒక అక్షరం, చివర ప్లాట్ నంబరు. వార్డు, బ్లాకు, ఇల్లు అన్న వరుసలో పెట్టిన పాత డోర్ నంబర్లు స్థలాలు చీలేకొద్దీ తోకలు పెంచుకుంటూ పోయాయి. పక్కపక్క ఇళ్ళకి వరుస నంబర్లు ఉంటాయన్న భరోసా లేదు. అందుకే మనవాళ్ళు అడ్రసులో "గుడి ఎదురు సందు" అని కూడా రాస్తారు. పోస్ట్‌మ్యాన్ చాలాచోట్ల ఇంటిని పేరుతోనే గుర్తుపడతాడు. "ఇంటి యజమాని గారికి" అని పంపిన కవర్ అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ బల్ల మీదో, మెట్ల కింద తాళం లేని పెట్టెల్లోనో ఆగిపోతుంది. తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్ఆర్ఎస్‌సీలతో కలిసి 2025లో తెచ్చిన డిజిపిన్ అనే అడ్రసు కోడ్ నాలుగు మీటర్ల చదరం దాకా చోటు చూపిస్తుంది. మనుషుల్ని పంపే సర్వేకి అది పనికొస్తుంది గానీ పేరు లేని కవర్‌ని ఎవరూ తెరిచేలా చేయదు.

పోస్టు, చేత్తో ఇవ్వడం, ఫోన్, లింకు

నాలుగింటిలో ఫోన్ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. 140తో మొదలయ్యే టెలిమార్కెటింగ్ కాల్స్‌తో, డిజిటల్ అరెస్ట్ మోసాలతో జనం విసిగి ఉన్నారు. తెలియని నంబరు ఎత్తడం మానేశారు. ఫోన్‌ని సర్వేగా కాకుండా సర్వేకి తోడుగా వాడుకోవాలి. ఎలాగో తర్వాత చెప్తాను.

వాట్సాప్‌లో లింకు పంపడం దాదాపు ఉచితం. అసలు చిక్కూ అక్కడే ఉంది. ఖర్చు లేదు కాబట్టి ఎవరికి వెళ్ళిందో, ఎవరు నింపారో, ఒకరే రెండుసార్లు నింపారో ఎవరూ పట్టించుకోరు. కాలనీ గ్రూపులో లింకు వేసి "మూడొందల మంది స్పందించారు" అంటే, ఎంతమందిలో మూడొందల మంది అన్నదానికి జవాబుండదు. గ్రూపులో లేని వృద్ధులు, కిరాయికి ఉండేవాళ్ళు, పనిమనుషులు మొదటే బయట ఉండిపోయారు. ఐటీ కంపెనీలో ఉద్యోగుల అభిప్రాయం కావాలంటే, ఒక్కొక్కరికి విడిగా ఒక్కసారే తెరుచుకునే లింకు ఆఫీసు ఈమెయిల్‌కి పంపించండి, బాగానే నడుస్తుంది. అంతకు మించి లింకుని నమ్ముకోను.

ఇళ్ళ జాబితా ఉన్నవాళ్ళకి సరైన దారి, ప్రశ్నాపత్రాన్ని మనిషి తీసుకెళ్ళి చేతికిచ్చి, రెండు మూడు రోజుల తర్వాత సీలు చేసిన కవర్లో తిరిగి తెచ్చుకోవడం. ఎదురుగా కూర్చుని అడిగితే మొహమాటానికి మంచి జవాబు చెప్పే ప్రశ్నలుంటాయి: మద్యం, అప్పులు, ఇంట్లో గొడవలు, అత్తాకోడళ్ళ సంగతి. వీటికి కాగితం మీద ఒంటరిగా ఇచ్చే జవాబే నిజానికి దగ్గరగా ఉంటుందని దశాబ్దాల సర్వే పరిశోధన చెప్తోంది. చేత్తో ఇచ్చి తెచ్చుకునే పద్ధతిలో ఆ లాభం పోదు, మనిషి మళ్ళీ వస్తాడన్న ఒత్తిడీ ఉంటుంది. ఖర్చు మాత్రం ఎక్కువ. గేటెడ్ కమ్యూనిటీల్లో అసోసియేషన్ అధ్యక్షుడి ఉత్తరం లేకుండా గేటు దాటనివ్వరు. ఆ ఉత్తరం కోసం తిరిగే వారాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

ఇంట్లో ఎవరు నింపాలన్నది ఇంకో మెలిక. "పద్దెనిమిది దాటినవాళ్ళలో తర్వాతి పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళు నింపండి" అని రాయడం విదేశాల్లో మామూలు. ఇక్కడ అది తేడా కొడుతుంది. మన పెద్దవాళ్ళలో చాలామంది అసలు పుట్టినరోజు వేరు, సర్టిఫికెట్ పుట్టినరోజు వేరు. బడిలో చేర్చినప్పుడు అయ్యవారు వేసిన జూన్ 1, జూలై 1 తేదీలతో పెన్షన్ దాకా వచ్చినవాళ్ళు కోకొల్లలు. మే నెలాఖరులో ఈ నియమం పెడితే శాంపిల్ మొత్తం తాతల వైపు ఒరుగుతుంది. మనిషి వెళ్ళే సర్వేల్లో ఇంట్లోవాళ్ళని వయసు వరుసలో రాసుకుని, ముందే వేసిపెట్టుకున్న పట్టిక ప్రకారం ఒకరిని ఎంచుకోవచ్చు. అమెరికా గణాంక శాస్త్రవేత్త లెస్లీ కిష్ 1949లో చెప్పిన పద్ధతి ఇదే. పోస్టులో పంపే ఉత్తరానికి ఇంత తతంగం ఎక్కువ. పోస్టుకి పేర్ల జాబితా కావాలనడానికి ఇదీ ఒక కారణం.

కాగితం పంపుతూ అందులోనే క్యూఆర్ కోడ్ కూడా పెడదామా అని తరచూ అడుగుతారు. రెండూ ఒకేసారి ఇస్తే ఎక్కువమంది స్పందిస్తారనిపిస్తుంది. పరిశోధనల్లో తేలింది మాత్రం ఉల్టా: ఒకేసారి రెండు దారులు చూపిస్తే మొత్తం స్పందన కాస్త తగ్గుతుంది. "తర్వాత ఫోన్లో చేద్దాంలే" అని కాగితం పక్కన పడేస్తారు, ఫోన్లో కూడా చేయరు. వరుసగా ఇవ్వడమే మేలు. ముందు కాగితం ఒక్కటే పంపండి, మూడో వారంలో, అప్పటికీ జవాబు రానివాళ్ళకి మాత్రం క్యూఆర్ కోడ్ ఇవ్వండి. చదువుకునే పిల్లలకూ, ఉద్యోగులకూ అయితే ముందు లింకు, తర్వాత కాగితం.

వెయ్యి మందికి ఒకసారా, నాలుగొందల మందికి పదేపదేనా

చేతిలో ముప్పై వేల రూపాయలు ఉన్నాయనుకుందాం. ప్రింటు, రెండు కవర్లు, రానుపోను స్టాంపులు కలిపి ఒక్కో పార్శిల్‌కి ముప్పై రూపాయలు పడితే వెయ్యి మందికి ఒక్కసారి పంపొచ్చు. అదే డబ్బుతో నాలుగొందల మందికి మొదటి కవర్, చిన్న కానుక, వారం తర్వాత గుర్తుచేసే కార్డు, స్పందించనివాళ్ళకి రెండో కవర్, చివర్లో ఫోన్ కాల్ కూడా సరిపోతాయి. మొదటి దాంట్లో పదిహేను శాతం, రెండో దాంట్లో నలభై శాతం వచ్చాయని ఊహించండి. ఇవి లెక్క అర్థమవడానికి వేసిన అంకెలే. నూట యాభై, నూట అరవై. చేతికొచ్చే కాగితాల సంఖ్య ఇంచుమించు ఒకటే. కానీ మొదటి దాంట్లో వందకి ఎనభై ఐదుగురి మనసులో ఏముందో మీకు తెలీదు, రెండో దాంట్లో అరవై మందిది తెలీదు. నేనెప్పుడూ రెండో వైపే.

పెద్ద సంఖ్య ఆదుకోదని తేల్చిన ఉదాహరణ పాతదే. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకి లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి బ్యాలెట్ కార్డులు పోస్టు చేసింది. ఇరవై మూడు లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ అరవై శాతానికి పైగా ఓట్లతో గెలిచాడు. అడ్రసులు తీసుకున్నది టెలిఫోన్, కార్ల యజమానుల జాబితాల నుంచి, అది ఒక లోపం. పంపినవాళ్ళలో మూడొంతులకు పైగా తిరిగి రాయలేదు, రాసినవాళ్ళలో రూజ్‌వెల్ట్ మీద కోపమున్నవాళ్ళే ఎక్కువ. అది ఇంకో లోపం.

అలాగని స్పందన శాతం పెరిగితే చాలు, డేటా శుభ్రమైపోయినట్టే అనుకోవద్దు. తర్వాతి కాలంలో అమెరికా సెన్సస్ బ్యూరో డైరెక్టర్‌గా చేసిన రాబర్ట్ గ్రోవ్స్ 2006లో పలు అధ్యయనాల్ని కలిపి చూపించింది ఇదే: స్పందించని శాతానికీ, ఫలితంలో వచ్చే వంకరకీ ఉన్న సంబంధం చాలా బలహీనం. ఎంతమంది రాయలేదన్నదాని కన్నా ఎందుకు రాయలేదన్నది ముఖ్యం. నల్లా నీళ్ళ మీద సర్వే పెడితే, నీళ్ళు రాక మండిపడుతున్నవాళ్ళు మొదటి రోజే నింపి పంపిస్తారు. రోజు విడిచి రోజు సవ్యంగా వచ్చేవాళ్ళకి ఆ కవర్ గుర్తే ఉండదు. గుర్తుచేసే కార్డు తెచ్చిపెట్టేది ఈ రెండో రకం వాళ్ళని. అందుకే మళ్ళీ మళ్ళీ అడగడం మీద డబ్బు పెట్టమంటాను.

ఎప్పుడెప్పుడు అడగాలో 1978లోనే డాన్ డిల్మన్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఒక వరుస పెట్టాడు. మొదటి కవర్ వెళ్ళిన వారానికి అందరికీ పోస్టుకార్డు. మూడో వారంలో స్పందించనివాళ్ళకి కొత్త ఉత్తరం, మళ్ళీ ప్రశ్నాపత్రం. ఏడో వారంలో సంతకం తీసుకుని ఇచ్చే టపాలో ఇంకోసారి. నలభై ఏళ్ళు దాటినా ఈ వరుసకి మించింది పెద్దగా రాలేదు. కాకపోతే చివరి మెట్టు ఇక్కడ జాగ్రత్తగా ఎక్కాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఏ పేరుతో వచ్చినా సంతకం పెట్టి తీసుకోవాల్సిన కవర్ అంటే మనవాళ్ళకి వకీలు నోటీసో, బ్యాంకు వాళ్ళ బెదిరింపో గుర్తొస్తుంది. కొందరు తీసుకోకుండా తిప్పి పంపేస్తారు కూడా. కవర్ మీద పంపినవాళ్ళ పేరు పెద్ద అక్షరాలతో కనబడాలి. ఫోన్ నంబర్లు ఉన్నప్పుడు ఈ మెట్టు బదులు ఒక కాల్ చేయడం మంచిది. ఆ కాల్‌లో జవాబులు అడక్కండి. "కవర్ అందిందా సార్, అందకపోతే మళ్ళీ పంపమంటారా?" అంటే చాలు. మనిషి గొంతు విన్న తర్వాత చాలామంది కాగితం వెతుక్కుంటారు.

పోస్టుకార్డులో ఒక చిన్న లెక్క ఉంది. మామూలు కార్డు యాభై పైసలు. దాని మీద విషయం అచ్చు వేయిస్తే ప్రింటెడ్ కార్డు కింద ఆరు రూపాయల రేటు. నాలుగొందల కార్డులు చేత్తో రాయించడం ఇద్దరు కుర్రాళ్ళకి రెండు మూడు రోజుల పని. వాళ్ళకిచ్చే కూలీ కలిపితే ఆదా పెద్దగా లేదు. అయినా చేత్తోనే రాయించమంటాను, ఎందుకంటే చేతిరాత కార్డుని జనం చదువుతారు. మాటలు ఇలా ఉంటే సరిపోతుంది:

"నమస్కారం. పోయిన వారం మీకొక సర్వే కాగితం పంపాము. నింపి పంపేసి ఉంటే ధన్యవాదాలు. ఇంకా పంపకపోతే ఇవాళ ఓ పది నిమిషాలు మా కోసం తీయగలరా? కాగితం అందకపోయినా, ఎక్కడైనా పెట్టి మరిచిపోయినా ఈ నంబరుకి ఫోన్ చేయండి, ఇంకోటి పంపుతాము."

ముందు ధన్యవాదం, తర్వాత అభ్యర్థన, చివర కాగితం పోగొట్టుకున్నవాళ్ళ మొహం కాపాడే మాట. ఈ వరుస మార్చకండి.

ఇరవై గ్రాములు

మామూలు ఉత్తరానికి ప్రతి ఇరవై గ్రాములకీ ఐదు రూపాయలు. ప్రశ్నాపత్రం ఎన్ని పేజీలుండాలన్నది సగం ఈ అంకె తేలుస్తుంది. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు తూగే) ఏ4 కాగితం ఐదు గ్రాములు. ఏ3 కాగితాన్ని మధ్యకి మడిచి నాలుగు పేజీలు చేస్తే పది గ్రాములు. అది తిరుగు కవర్లో పెడితే పదిహేను లోపు, ఒక ఐదు రూపాయల స్టాంపుతో వెనక్కి వచ్చేస్తుంది. ఎనిమిది పేజీలైతే కాగితమే ఇరవై గ్రాములు, కవర్‌తో గీత దాటుతుంది, తిరుగు స్టాంపు పది రూపాయలవుతుంది. వెళ్ళేటప్పుడు నాలుగు పేజీలకే ఉత్తరం, తిరుగు కవర్, పై కవర్ కలిసి ఇరవై నాలుగు దాకా తూగుతాయి కాబట్టి అటువైపు పది రూపాయలు తప్పదు. 70 జీఎస్ఎం కాగితం వాడి, ఉత్తరాన్ని సగం ఠావులో ఇరికించి ఇరవైలోపు పట్టించేవాళ్ళు ఉన్నారు. పలుచటి కాగితం మీద ఇటు రాసింది అటు కనబడుతుంది, పెద్దవాళ్ళ కళ్ళకి అది హింస. ఆ ఐదు రూపాయలు ఖర్చు పెట్టండి. స్టాంపు తక్కువైతే తీసుకునేవాడి దగ్గర డబ్బు వసూలు చేస్తారు, మీ సర్వే మీద మొదటి అభిప్రాయం అక్కడే పడిపోతుంది. తూకం పోస్టాఫీసు కౌంటర్లోనే ఒకసారి వేయించుకోండి.

తిరుగు కవర్‌కి స్టాంపు అంటించాలా, బిజినెస్ రిప్లై పర్మిట్ తీసుకోవాలా? పర్మిట్‌లో వచ్చినవాటికే కడతారు, మిగతావి వృథా కావు. స్టాంపులో రానివాళ్ళ ఐదు రూపాయలు పోయినట్టే. నాలుగొందల్లో రెండొందల నలభై రాకపోతే పోయేది పన్నెండొందలు. పోనివ్వండి. నిజం స్టాంపున్న కవర్‌ని చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాదు, స్పందన కొద్దిగానైనా ఎక్కువుంటుందని ప్రయోగాల్లోనూ తేలింది. పర్మిట్ కాగితాల పని కూడా తప్పుతుంది. వేలల్లో పంపేవాళ్ళు మాత్రం పర్మిట్ వైపు చూడాలి.

కానుక ముందా, తర్వాతా

ఇక్కడ సందేహానికి తావు లేదు. నింపి పంపితే ఇస్తామనే బహుమతి, లక్కీ డ్రా, ఇవి పోస్టు సర్వేల్లో దాదాపు పనిచేయవు. అడగక ముందే కవర్లో పెట్టి ఇచ్చింది పనిచేస్తుంది. 1993లో 38 అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక సమీక్షలో ముందే పెట్టిన డబ్బు స్పందనని సగటున 19 శాతం పాయింట్లు పెంచింది, ముందే పెట్టిన చిన్న వస్తువు ఎనిమిది దాకా పెంచింది, తర్వాత ఇస్తామన్నవి చెప్పుకోదగ్గ మార్పేమీ తేలేదు. కానుక ఇస్తే జనం ఏదో ఒకటి గీకి పంపుతారన్న భయమూ సాధారణంగా నిజం కాలేదు.

అక్కడ డాలరు నోటు పెట్టినట్టు ఇక్కడ ఇరవై నోటు పెట్టకండి. నగదుని మామూలు కవర్లో పంపడం పోస్టల్ పద్ధతి కాదు, దారిలో మాయమైతే అడిగే దిక్కూ లేదు. ఇక యూపీఐలో వేస్తామనే మాట. వినడానికి బాగుంటుంది గానీ అందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, అది మళ్ళీ తర్వాత ఇచ్చేదే. రెండు, ఫోన్ నంబరు ఇవ్వగానే పేరు బయటపడుతుంది, "మీ వివరాలు గోప్యం" అని పైన రాసిన వాక్యం అబద్ధమవుతుంది. మిగిలేది చిన్న వస్తువు. నా ఓటు మంచి బాల్ పెన్నుకి. ఏడెనిమిది గ్రాములు పెరిగినా పంపే కవర్ ఎలాగూ ఇరవై గ్రాములు దాటిన రెండో మెట్టులోనే ఉంది, నలభై దాటదు. పైగా పెన్ను వెతుక్కోవాల్సిన పని తప్పుతుంది. చేత్తో ఇచ్చే సర్వేలో అయితే నగదు ఇచ్చేయండి, కాగితంతో పాటే, ముందే.

నింపింది పనికిరావాలి కదా

కాగితాలు వచ్చాక కనిపించే దరిద్రాల్లో ఎక్కువ భాగం ప్రశ్న రాసినప్పుడే పుట్టినవి. "మీ కాలనీలో నీటి సరఫరా, డ్రైనేజీ సక్రమంగా ఉన్నాయా?" నీళ్ళు వస్తాయి, డ్రైనేజీ పొంగుతుంది, ఆయనేం టిక్కు పెట్టాలి? పైగా "సక్రమంగా" అంటే ఒక్కొక్కరికి ఒక్కో కొలత. దాన్ని ఇలా విడగొట్టండి: "పోయిన ఏడు రోజుల్లో మీ నల్లాకి ఎన్ని రోజులు నీళ్ళు వచ్చాయి?" పక్కన ఒక గడి, అంకె వేయడానికి. డ్రైనేజీకి వేరే ప్రశ్న. "నెలకి ఎన్ని కిలోలీటర్లు వాడతారు?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. జలమండలి 2021 జనవరి నుంచి నెలకి ఇరవై వేల లీటర్లు ఉచితం చేశాక బిల్లు వైపు చూడటం కూడా చాలామంది మానేశారు. అంత అవసరమైతే "మీ దగ్గరున్న ఆఖరి బిల్లు చూసి రాయండి, లేకపోతే ఇక్కడ టిక్కు పెట్టండి" అని బయటపడే దారి ఇవ్వండి. దారి లేని చోట జనం అంకెలు కల్పిస్తారు.

కాగితంలో లేని సౌకర్యం ఒకటుంది, లింకులో ఉన్నది: జవాబుని బట్టి తర్వాతి ప్రశ్నకి తీసుకెళ్ళడం. "కాదు అయితే 14వ ప్రశ్నకు వెళ్ళండి" అని రాస్తే కొందరు వెళ్తారు, కొందరు మధ్యలోవి కూడా నింపేస్తారు, కొందరు 14 కూడా వదిలేస్తారు. నాలుగు పేజీల్లో ఇలాంటి మలుపులు ఒకటి రెండు మించనివ్వకండి. అంతకన్నా ఎక్కువ కావాలంటే మీ సర్వే పోస్టుకి పనికిరాదు, మనిషిని పంపండి. పట్టికలా పన్నెండు వాక్యాలిచ్చి "పూర్తిగా ఏకీభవిస్తాను" నుంచి ఐదు గడులు పెట్టడం రాసేవాళ్ళకి సుఖం, నింపేవాళ్ళు మాత్రం పై నుంచి కిందకి ఒకే గీత గీసేస్తారు. ఐదు వాక్యాలు చాలు. పొడుగాటి జాబితాలిస్తే కాగితం మీద మొదటివాటికే టిక్కులు ఎక్కువ పడతాయి (చదివి వినిపిస్తే చివరివాటికి). సగం కాపీల్లో జాబితాని తిరగేసి అచ్చు వేయిస్తే ఆ వంకర కనిపెట్టొచ్చు.

భాష విషయంలో హైదరాబాద్‌లో రెండు దారులున్నాయి. ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు పెట్టడం ఒకటి. అది పేజీల్ని రెట్టింపు చేస్తుంది, ఇరవై గ్రాముల లెక్క చెడుతుంది. జాబితాలోనే ఎవరికే భాషో రాసుకుని ఒక్కొక్కరికి ఒక్క భాషలో పంపడం రెండోది, నాకు నచ్చేది. ఉత్తరం కింద మాత్రం ఉర్దూలో, ఇంగ్లీషులో, హిందీలో ఒక్కో వాక్యం: "ఈ భాషలో కావాలంటే ఫోన్ చేయండి." చార్మినార్, టోలీచౌకి వైపు వెళ్ళే కాగితం మొదటే ఉర్దూలో ఉండాలి. ఒక భాష నుంచి ఇంకో భాషలోకి మార్చింది, మూలం చూడనివాళ్ళతో వెనక్కి మార్పించి పోల్చుకోండి. 2011 జనగణనలో హైదరాబాద్ జిల్లా అక్షరాస్యత 83 శాతం. మిగతావాళ్ళు మీ సర్వేకి ముఖ్యమైతే కాగితమే తప్పు ఎంపిక.

పేరు రాయించాలా వద్దా? అసలు పేరు లేకపోతే ఎవరు పంపలేదో తెలియక అందరికీ రెండోసారి పంపాలి. కాగితం మీద సీరియల్ నంబరు వేస్తే జనం మూల చింపి పంపుతారు. సున్నితమైన విషయమైతే మంచి ఉపాయం ఒకటుంది: పేరూ నంబరూ లేని ప్రశ్నాపత్రంతో పాటు, పేరున్న ఒక విడి కార్డు. "ప్రశ్నాపత్రం విడిగా పోస్టు చేశాను" అని అందులో ఉంటుంది, రెండూ వేర్వేరుగా వస్తాయి. మామూలు విషయాలకి ఇంత అక్కర్లేదు. నంబరు వేసి, ఎందుకు వేశామో ఉత్తరంలో ఒక వాక్యం రాస్తే చాలు. కాగితం మీద సేకరించినా కంప్యూటర్లోకి ఎక్కించిన క్షణం నుంచి పేర్లూ అడ్రసులూ 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కిందికి వస్తాయి. పేర్ల ఫైలు వేరుగా, జవాబుల ఫైలు వేరుగా పెట్టుకోండి.

పంపే వేళ గురించి రెండు మాటలు. సంక్రాంతికి సగం నగరం ఊళ్ళకి పోతుంది, దసరా, బతుకమ్మ రోజుల్లో ఎవరికీ తీరికుండదు, నిమజ్జనం వారం టపా కూడా నెమ్మదిస్తుంది. నవంబరులో పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ హడావిడిలో ఉంటారు. ఫిబ్రవరి బాగుంటుంది.

రానివాళ్ళు, తిరిగొచ్చినవి

అందక తిరిగొచ్చిన కవర్ల వెనక పోస్ట్‌మ్యాన్ రాసింది చదవండి. "లెఫ్ట్", "డోర్ లాక్డ్", "ఇన్‌సఫిషియెంట్ అడ్రస్" మూడూ ఒకటి కాదు. తాళం వేసి ఉన్న ఇంటికి రెండు వారాల తర్వాత మళ్ళీ పంపాలి. అడ్రసు చాలనిదానికి ఫోన్ చేసి గుర్తులు కనుక్కోవాలి. ఇల్లు మారిపోయినవాళ్ళు హైదరాబాద్‌లో ఎక్కువగా కిరాయిదారులు, చిన్న వయసువాళ్ళు. వాళ్ళని వదిలేస్తే మీ ఫలితం సొంతింటి పెద్దవాళ్ళ అభిప్రాయం అయిపోతుంది.

ఎవరు మిగిలిపోయారో చూడటానికి తేలికైన పద్ధతి, మొదటి వారంలో వచ్చినవాళ్ళ జవాబుల్ని రెండో కవర్ తర్వాత వచ్చినవాళ్ళతో పోల్చడం. ఆలస్యంగా వచ్చినవాళ్ళలో సంతృప్తి ఎక్కువ కనిపిస్తే, అసలు రానివాళ్ళలో ఇంకా ఎక్కువ ఉండొచ్చు. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. దీనికన్నా గట్టిది, రానివాళ్ళలో ఓ ముప్పై నలభై మందిని చీటీలు తీసి ఎంచుకుని, ఫోన్లోనో ఇంటికెళ్ళో మూడే మూడు ముఖ్యమైన ప్రశ్నలు అడగడం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో మొదలుపెట్టిన ఇంటింటి కుల సర్వేలో 75 ప్రశ్నలు ఉండేవి. మిగిలిపోయిన ఇళ్ళ కోసం 2025 ఫిబ్రవరిలో మళ్ళీ అవకాశమిచ్చి, ఫోన్ చేసి పిలిపించుకోవడం, ఫారం డౌన్‌లోడ్ చేసుకుని నింపి ఇవ్వడం లాంటి వేరే దారులు తెరిచారు. ప్రభుత్వ సిబ్బంది గుమ్మం దాకా వెళ్ళిన సర్వేకే రెండో విడత పట్టింది. నాలుగొందల కవర్లకి కూడా రెండో విడతకని కొంత డబ్బు మొదటే పక్కన పెట్టుకోవాలి.

డేటా ఎంట్రీకి ఎక్సెల్ చాలు, గడిలో పట్టే అంకెల హద్దులు ముందే బిగించుకుంటే. మొత్తం కాగితాల్ని ఇద్దరు వేర్వేరుగా ఎక్కించి పోల్చడం ఉత్తమం. స్తోమత లేకపోతే పదింట ఒకదాన్ని అలా చేసి తప్పుల శాతం చూడండి, ఎక్కువుంటే మిగతావీ చేయించండి. ఖాళీ వదిలింది, "తెలీదు" అన్నది, "వర్తించదు" అన్నది మూడు వేర్వేరు కోడ్లు. మూడింటికీ సున్నా వేసి సగటు తీసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మార్జిన్‌లో రాసినవాటికి ఒక గడి ఉంచండి. "మా దగ్గర నల్లానే లేదు, ట్యాంకరే" అని పక్కన రాసినాయన మీ ప్రశ్నలో ఉన్న లోపాన్ని చెప్తున్నాడు.

నివేదికలో స్పందన శాతం రాసేటప్పుడు హారాన్ని, అంటే ఎంతమందిలో అన్న కింది అంకెని, చిన్నది చేసే మోజు అందరికీ ఉంటుంది. పేర్ల జాబితాలో చనిపోయినవాళ్ళని, సభ్యులే కానివాళ్ళని తీసేయొచ్చు. ఇల్లు మారి కవర్ అందనివాళ్ళని తీసేయకూడదు, వాళ్ళు ఇంకా మీ జాబితాలోని మనుషులే. పంపినవి, అందక తిరిగొచ్చినవి, జాబితాకి చెందనివాళ్ళు, నింపి వచ్చినవి, సగం నింపినవి: ఐదు అంకెలూ విడివిడిగా ఇచ్చేయండి, శాతం ఎలా కట్టారో చదివేవాళ్ళే చూసుకుంటారు.